వెర్నన్ కొలిచిన ఇత్తడి

మా మొంటానాలో ఒక ఎల్క్ జింకను కొట్టడానికి సర్కారు లాటరీ తీసి ఇచ్చే చీటీ అందరికీ రాదు. ఎల్మర్‌కి పదకొండేళ్లు ఎదురుచూశాక వచ్చింది. తెల్లారితే వేట. వాడి తుపాకీకి కావలసిన నలభై తూటాలు, పాత ఖాళీ తొడుగులతోనే తయారుచేసి, డబ్బాలో తెచ్చి ఇర్మా కాఫీ కొట్టు బల్ల మీద పెట్టాడు వెర్నన్. పెట్టి ఊరుకుంటాడా!

"చూడరా ఎల్మర్, ఒక్కో ఇత్తడి తొడుగునీ మూడేసి సార్లు కొలిచాను. అంగుళంలో వెయ్యో వంతు తేడా ఉన్నా కోసి పారేశాను."

"అది అందరూ చేసేదే," అన్నాడు ఎల్మర్.

"అందరూనా? ఊపిరి వేడికి ఇత్తడి ఉబ్బుతుందని మూడు గంటలు ఊపిరి బిగబట్టానురా! మా ఆవిడని పొయ్యి వెలిగించనివ్వలేదు. కుక్క మొరిగితే కొలత అదురుతుందని దాన్ని పక్క ఊరు పంపించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కుక్క ఉత్తరం రాసిందా?"

"నవ్వు, నవ్వు! అలా చేసిన తూటా ఒకటి పోయినేడు పేల్చాను. గుండు ఎల్క్‌ని కొట్టింది, కొండ చుట్టూ తిరిగింది. తన తొడుగంత నప్పే చోటు లోకంలో ఇంకెక్కడా దొరక్క, తిరిగొచ్చి దాన్లోనే కూర్చుంది! రెండోసారి పేల్చాను. రెండో ఎల్క్!"

"చీటీ ఒకటే కదరా?"

"అందుకే రెండోదాన్ని బతిమాలి లేపి పంపించాను."

కొట్టంతా ఘొల్లుమంది. ఇర్మా మాత్రం నవ్వలేదు. మొగుడి పక్కన కూర్చుని ముప్ఫయ్యేళ్లు తూటాలు చేసిన చేతులు ఆమెవి.

"వెర్నన్, కొలిచి కోసింది ఎప్పుడు? పేలి ఉబ్బిన తొడుగుని అచ్చులో పెట్టి సైజుకి నొక్కకముందా, నొక్కాకా?"

"ముందే! చక్కగా కొలిచి, కోసి, అప్పుడు నొక్కాను."

"పిండిముద్దని కొలిచి, తర్వాత కర్రతో ఒత్తితే, రొట్టె ముద్దంతే ఉంటుందా? నొక్కితే ఇత్తడి పొడుగ్గా సాగుతుందయ్యా."

వెర్నన్ జేబులోంచి, వాటితోపాటే కోసి నొక్కి గొప్పకి దాచుకున్న ఖాళీ తొడుగొకటి, కొలిచే కాలిపర్ బయటికి తీశాడు. కొలిచాడు. తుడిచి మళ్లీ కొలిచాడు.

"ఎంత?" అన్నాడు ఎల్మర్.

"...ఎనిమిది వెయ్యో వంతులు ఎక్కువ."

"అంటే తొడుగు మూతి తుపాకీలో ఇరుక్కుంటుంది. గుండుని వదలదు. తుపాకీ నా మొహం పక్కనే పేలేది."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఒక్కో తూటానీ విప్పాలి, మందు తీయాలి, కోయాలి, మళ్లీ కూర్చాలి. నలభై. వెర్నన్ మొహం ఎర్రబడింది గానీ, లేచి టోపీ పెట్టుకున్నాడు.

"తెల్లారేలోపు అన్నీ చేసిస్తాను. ఒక్కటి కూడా వదలను."

ఎల్మర్ డబ్బా తన చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వు విప్పు. కొలిచేది ఇర్మా."