కడగని డ్రమ్ము

చెయ్యి తియ్యి కిషన్! డ్యూటీ నుంచి వచ్చి, సిమెంటు చేతులతోని మూత లేపి, వేలు ముంచి నాకుతవా? సిగ్గుండాలె. పొంగే బీరు మూత ముట్టద్దు. నేను శుక్రవారం ఒక్క గ్లాసు తాగుత, రెండోది ముట్ట. ఆ ఒక్కటన్న శుభ్రంగ ఉండాలె గద. ఏమన్నవ్? లింబాద్రి గింత చాదస్తం చేసేటోడు కాదా? నువ్వు ఆయనను చూసినవా? నువ్వు బహ్రెయిన్ రాకముందే ఊరికి పాయె. అయినా మీ నోట్లె ఆయన పేరే! ఈ కర్జకాన్ లేబర్ క్యాంపుల ఇన్నేండ్ల సంది ఉన్నది నేను, పేరేమో ఆయనది.

సరే, విను. లింబాద్రిది కల్లు గీసే ఇల్లు. నా లెక్కనే దుకాణంల దొరికే మత్తు లేని మాల్టు డ్రింకు డబ్బాలు తెచ్చి, చక్కెర, ఈస్టు కలిపి డ్రమ్ముల పోసేటోడు. నేను డ్రమ్మును మరిగిన నీళ్లతోని కడిగి, బోర్లించి ఆరబెడుత. ఆయన కడగడు. 'కల్లు లొట్టిని తోముతమా అన్నా? అడుగున పాత మడ్డి ఉంటెనే పొంగు' అనేటోడు. కొన్నాళ్లు మంచిగనే వచ్చింది, కాదన. శుక్రవారం వస్తే రిఫా నుంచి, అరాద్ నుంచి 'లింబాద్రి బావా' అనుకుంట అందరు ఆయన రూముకే. వాళ్ల చెప్పులు నా తలుపు దాక. నా రూముల ఎవడూ అడుగు పెట్టడు. 'రాజనర్సన్న బీరు దవాఖాన నీళ్లు' అని నవ్వుడు. నాకేం కుళ్లు? చెప్పులు అడ్డమొస్తే కాలుతోని జరుపుకుంట పోయేటోన్ని, అంతే.

ఒకసారి మన క్యాంపుల ఉండే దేవన్న పెండ్లి చేసుకోనీకి ఊరు పోతుండె, తెల్లారి ఫ్లైటు. దావత్ లింబాద్రిదే. మూత తీసిండు. నేను తలుపు కాడ నిలబడ్డ. మీద తెల్లపొర, ముడతలు ముడతలు, పాత అంబలి మీద కట్టినట్టు. నురుగు వేరు కిషన్, పొర వేరు. నురుగు ఊదితే పగులుతది, పొర ముడుచుకుంటది. సిర్కా లెక్క పుల్లటి వాసన ముక్కుల గుచ్చింది. గరిటెతోని లేపితే తీగ సాగింది. 'పారబొయ్యి' అన్న. ఆయన నవ్వి, అందరు వినేటట్టు 'అన్నకు కండ్లమంట' అన్నడు. గొల్లుమన్నరు. ఇగ నా మాట ఎవడు నమ్ముతడు? చెడిందని ఆయనకు తెలుసు, ముఖం చూస్తెనే తెలిసింది. పొర తీసేసి, ఇంత చక్కెర వేసి, నిమ్మకాయ పిండి, ముందుగాల పెండ్లికొడుక్కే పోసిండు.

తెల్లారి దేవన్న బాత్రూము వదల్లే. ఫ్లైటు పోయింది, లగ్గం తప్పింది. తాగి పడ్డడని పిల్ల తరఫోళ్లు సంబంధమే వద్దన్నరు. ఆ తర్వాత లింబాద్రి చేతి మంచినీళ్లు గూడ ఎవరూ ముట్టలే. తలుపు కాడ చెప్పులా? ఒక్క జత. ఆయనవే. కొన్నాళ్లు ఓర్చుకొని, పనే వద్దని ఊరికి బయలెల్లిండు. పోయేనాడు అందరికీ చాయ్ చేసి వరండాల పెట్టిండు. ఎవడూ తియ్యలే. నేనూ తియ్యలే. బయట టాక్సీ హారన్ కొడుతనే ఉంది. ఆయన నీళ్లు మరగబెట్టి, ఆ చాయ్ పారబోసి, ఒక్కొక్క గ్లాసు కడిగి, బోర్లించి పోయిండు.