దింపుడు కళ్లం కాడ పలికే గొంతు

వాగు దాటంగనే వంకర చింతచెట్టు లేదా, ఎండల సుత ఎవ్వలు దాని నీడకు పోరు, గొడ్లు కాసేటోళ్లు సుత సుట్టు తిరిగొస్తరు, దాని ముచ్చటనే చెప్త. జర దగ్గరికి జరుగుండ్రి, గట్టిగ మాట్లాడితే నాకు దగ్గొస్తది.

మా నాయినమ్మ బుచ్చవ్వ పడుచుదున్నప్పుడు, నిజాం కాలంల, మనూర్ల ఒక శివసత్తి ఉండె. మొగపిల్లగాడు పుట్టిండని కొంరయ్య అని పేరు పెట్టిన్రు గని, బుద్ధి తెలిసిన్నుంచి ఆమె ఆడిదే. ఎల్లమ్మకు మొక్కి చీర కట్టింది, గాజులేసుకుంది, తనకు తానే ఓ పేరు పెట్టుకుంది. ఎవ్వలింట్ల బిడ్డ పుట్టినా ఆమెనే తొట్టెలల ఏసి చెవుల పేరు చెప్పాలె, అట్ల నడిచేది అప్పుడు. మా నాయినమ్మకు సుత ఆమెనే చెప్పింది. మరి ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్లు ఒక్కలన్న ఉన్నరా? పనివడితే శివసత్తి, పని తీరినంక అది సుత లేదు.

పాణం మీదికొచ్చినప్పుడు తమ్ముడు సాయిలును పిలిచి, దింపుడు కళ్లం కాడ నన్ను నా పేరుతోని పిలువురా, ఇంకేమొద్దు అని బతిమాలిందట, పేరు సుత చెప్పిందట. వాడు సరేనన్నడట. దింపుడు కళ్లం ఎరుకనే గద, పీనుగను తీస్కపోతు తొవ్వల దించి, అయినోళ్లు చెవుల మూడుసార్లు పిలుస్తరు, ఏడనన్న పాణముంటే లేస్తరని. అప్పుడు ఆ చింతచెట్టు కిందనే దించేటోళ్లు. సాయిలు వంగిండు, సుట్టు కులపోళ్లు నిలవడ్డరు, వానికి సిగ్గైంది, ఇగ కొంరయ్యా కొంరయ్యా కొంరయ్యా అన్నడు. ఎత్తుకపోయి బొందవెట్టిన్రు.

కొన్నొద్దులకు ఊర్ల ఓ ముసలాయన సచ్చిండు, అక్కడనే దించిన్రు, కొడుకు చెవుల పిలిచిండు. పీనుగ పలుకుతదా? చెట్టెనుకకెల్లి ఆడగొంతు, నన్నేనా, అన్నదట. మోసేటోళ్లు పాడె ఇడిసి ఉరికిన్రు. ఆ తర్వాత ఎవ్వలిని దించినా అంతే, పిలుపు ఇనవడితే సాలు, నన్నేనా, నన్నేనా అనుడు.

ఆ గొంతు ఎవ్వలదో మా నాయినమ్మ ఆనవాలు వట్టింది. సాయిలు కాడికి పోయి, నీ అక్క పేరేందిరా, నేనన్న పోయి పిలుస్త అన్నదట. వాడు తల వట్టుకోని కూసున్నడట. సిగ్గుకు ఎన్నడు నోట్లెకు రానియ్యలేదు, ఇప్పుడు యాదికొస్తలేదు అని ఏడ్చిండట. ఎందుకు ఏడ్సుడు, అప్పుడు నోరు పడిపోయెనా వానికి?

పొద్దుగూకంగ మా నాయినమ్మ ఒక్కతే చెట్టు కిందికి పోయి, అవ్వా, నీ పేరు నువ్వే చెప్పు, నేను పిలుస్త అన్నదట.  ఆ గొంతు చెవి పక్కకే వచ్చి, బుచ్చవ్వ అన్నదట. ఇంక మా నాయినమ్మ పక్కింటోళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు, తొట్టెలల తాను పెట్టిన ఊరందరి పేర్లు మెల్లగ చెప్పుకుంట పోయి, ఆగి, నాదేందే బిడ్డా, ఎవ్వలు పిలువక నేను సుత మర్చిపోయిన, అన్నదట.

మా నాయినమ్మ సచ్చేదాక ఆ మాట చెప్పి ఏడ్చేది. దింపుడు కళ్లం బడి అవతలికి మార్చిన్రు. మీరు మాత్రం ఆ చెట్టు దిక్కు పోకుండ్రి. ఆమె కొట్టది, పట్టది, ఉత్తగ తన పేరేందని అడుగుతది. అడిగితే ఏం చెప్తరు మీరు?