పదకొండో నంబరు నింపిన సీసాలు

అమ్మలారా, అయ్యలారా, మిల్లు తమ్ముళ్లారా,

ఈ క్యాంటీనులో ఇంతమంది ఒక్కసారిగా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. భోజనం గంట కొట్టినా సగంమందిమి నిలబడే తినేవాళ్లం. ఇవాళ అందరికీ కుర్చీలు దొరికాయి. ఒక్కడే తక్కువ. మన ఫిట్టరు. మీరంతా పదకొండో నంబరు అని పిలిచినవాడు. మనకి బస్సుంటే వాడికి రెండు కాళ్లు. పక్కపక్కన పెడితే పదకొండే కదా! ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

నాకు చదువు రాదు. ముప్పై ఎనిమిదేళ్లు బాయిలరు ముందు నిలబడ్డవాణ్ణి. అక్కడ మెత్తగా మాట్లాడటం ఎవరూ నేర్పరు. కటువుగా ఉంటే ఓర్చుకోండి.

గుమ్మం దగ్గర ఎవరో అంటుంటే విన్నాను, "నడిచి నడిచి చచ్చాడు" అని. ఎవరు బాబూ అది? చెయ్యెత్తక్కర్లేదు, వింటే చాలు. పదకొండేళ్ల కిందట డాక్టరు వాడి గుండె చూసి పెదవి విరిచాడు. మొన్న సోమవారం పొద్దున పోయాక అదే డాక్టరు నాతో అన్నాడు, "ఈ గుండె ఎప్పుడో ఆగాల్సింది. ఆ కాళ్లే ఇంతదాకా లాక్కొచ్చాయి" అని. పోను ఏడు కిలోమీటర్లు, రాను ఏడు. ఆ దారి వాణ్ణి చంపలేదు. పదకొండేళ్లు సాకింది.

ఇంకేం ఇచ్చింది? తల దిండు మీద పెడితే నిద్ర. ఎండురొట్టె పెట్టినా విందు తిన్నంత ఆకలి. వాడి భార్య, నాకు మరదలి వరస, ఇక్కడే ఉంది. ఒకసారి నాతో అంది, "మిల్లులో కోపం మా గడప ఎప్పుడూ తొక్కలేదు బావగారూ, దారిలోనే ఎక్కడో దిగిపోయేది" అని. మనం? బస్సులో ఇరుక్కుని ఆ కోపాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్లాం. నా భార్యని అడగండి, చెబుతుంది.

ఒకసారి వాల్వు విషయంలో వాడికీ నాకూ పెద్ద గొడవ. వాడు బిగించింది తప్పని నేను, నేను తిప్పింది తప్పని వాడు. పదిమందిలో కాలరు పట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "బయల్దేరినప్పుడు తప్పంతా నీదే అన్నా. రిజర్వాయరు కట్ట ఎక్కేసరికి సగం నాదైంది. ఇక్కడికొచ్చేసరికి ఎవరిదో మర్చిపోయాను" అన్నాడు. ఏడు కిలోమీటర్లు ఆ పని చేస్తాయి. నేను మాత్రం బస్సులో వచ్చాను కదా, మూడు రోజులు పలకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వినండి.

వాడి దారి రిజర్వాయరు కట్ట మీదుగా. మన బస్సు కట్ట కింద రోడ్డున, కిటికీలు మూసుకుని, నలభై మైళ్ల వేగంతో పోతుంది. నడిచేవాడికి కనబడేది బస్సులోవాడికి కనబడదు. కట్ట అడుగున ఊట పుట్టిందని మొదట చూసింది వాడు. పోయిన వానాకాలం నుంచీ వారానికో ఖాళీ మందుసీసాలో ఆ ఊటనీళ్లు నింపి, తారీకు అంటించి, వర్క్‌షాపు కిటికీలో వరసగా పెట్టాడు. నలభై ఒక్క సీసాలు. తారీకులు చదవడం నాకు రాదు. రంగు చదవడానికి బడికెళ్లాలా? మొదటి సీసా కన్నీళ్లంత తేట. చివరిది టీ రంగు.

వాడు ఏమనేవాడో మీకు గుర్తుందా? "ఊట తేటగా వస్తే కట్టకి చెమట పట్టినట్టు. బురదగా వస్తే కట్ట ఒళ్లు కరుగుతున్నట్టు." గుర్తుండదు. మనం నవ్వుతున్నాం అప్పుడు.

వాడు తూము తెరవమని మొరపెట్టుకుంటే, మేనేజరుగారు నన్ను పిలిచి అడిగారు, పాతవాడివి కదా, నువ్వేమంటావని. తూము తెరిచి నీళ్లు దించితే మిల్లు నెలరోజులు ఆగుతుంది. నేనేమన్నాను? "వాడికి నడక పిచ్చి ఉండేది సార్, ఇప్పుడు సీసాల పిచ్చి" అన్నాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ముందు వరసలోనే ఉన్నారు, కాదనమనండి. ఈ మాట చెప్పడానికే ఇవాళ మైకు పట్టుకున్నాను.

వాడి ఇల్లు ఎత్తుగా గుట్ట మీద ఉంది. కట్ట తెగితే వాడి గుమ్మం తడవదు. తడిసేది మన కాలనీ. మీ పిల్లలు, నా మనవలు. సోమవారం వాడు కూలబడి పోయింది ఎక్కడ? ఆ ఊట పక్కన. సీసా మూత చేతిలోనే ఉంది.

ఇప్పుడు ఫొటో చుట్టూ చూడండి. పూలు పెట్టిన సీసాలు. లెక్కపెట్టండి, నలభై ఒకటి. మన వంటావిడ ప్రేమకొద్దీ కిటికీలోంచి తెచ్చి, కాగితాలు గోకి, తళతళా కడిగి పూలు పెట్టింది. ఏడవకమ్మా. నీ తప్పు కాదు. అవి ఏమిటో నీకు ఎవడు చెప్పాడు? చెప్పినవాణ్ణి మేం పిచ్చివాణ్ణి చేశాం. ఏడాది చూపు ఒక్క పూటలో కాలవలోకి పోయింది.

అందుకని ఇవాళ తెల్లారగానే నేను వాడి దారిన నడిచాను. డెబ్భై రెండేళ్ల మోకాళ్లతో, ఆగి ఆగి. సిగ్గుతో బయల్దేరాను. కట్ట ఎక్కేసరికి గాలి తగిలి, ఒళ్లు తేలికై, ఇన్నేళ్లు ఏం పోగొట్టుకున్నానో అర్థమైంది. కట్ట దిగి ఊట పక్కన వంగి చూశాను. వాడు చెప్పినప్పుడు ఊట చిటికెనవేలంత. ఇప్పుడు నా మణికట్టంత ఉంది. చప్పుడు చేస్తోంది. వానలింకా మొదలే కాలేదు.

ఇదిగో, నలభై రెండో సీసా. ఎవరూ కడగకండి.

బయట బస్సులు సిద్ధంగా ఉన్నాయి. ఎక్కకండి. ఇక్కణ్ణుంచి అందరం కట్ట మీదికి నడుద్దాం. మేనేజరుగారూ, మీరు ముందు నడవండి, తూము తాళం మీ దగ్గరే ఉంది.

దానికి ముందు లేచి నిలబడదాం. రెండు నిమిషాలు అనను, నాకు గడియారం లేదు. కళ్లు మూసుకోమనీ అనను. ఈ సీసాని ఒక్కసారి కుదిపి వాడి ఫొటో ముందు పెడుతున్నాను. ఇందులో మట్టి అడుక్కి దిగేదాకా, ఎవరూ మాట్లాడకుండా, దీన్నే చూస్తూ నిలబడదాం.

లేవండి.