పెగ్గులు ఏ వైపు

పనిముట్లకూ బళ్ళకూ బొట్టు పెట్టే విశ్వకర్మ పూజకు ముందురోజు, భుయ్యాడీహ్ బస్తీలో ఒక సైకిల్ దుకాణం. టీచరమ్మ తన కూతురి బీఎంఎక్స్ ఫీట్ల సైకిల్‌ను గోడకు ఆనించి, సంచిలోంచి రెండు పెగ్గులు, చక్రం ఇరుసుకు బిగించే జానెడు ఇనుప గొట్టాలు, తీసి మెకానిక్‌కు ఇచ్చింది.

“గోడ అంచు మీద జారడానికే గదా ఇవి? ఏ పక్కకి బిగించాలేటి, టీచరమ్మా?”

“చెరో పక్కన కుదరదా?”

“ముందు చక్రానికొకటి, ఎనక చక్రానికొకటి, ఒకే పక్కన ఉండాల. పాపని పంపండి, తనే సెప్తాది.”

“పాప లేదు. పోయిన నెల జ్వరంతో పోయింది.”

“అయ్యో తల్లీ! నాకు తెలీదమ్మా. మరిప్పుడివెందుకు?”

“పాప ఇవి కొని తెచ్చుకున్న రోజే, పడిపోతావని బీరువాలో దాచేశాను. అడిగి అడిగి ఊరుకుంది. రేపు పూజకైనా ఇవి ఉండాలి.”

“ఏడాది దాకా మీరు పూజ సెయ్యకూడదు గదమ్మా?”

“మైల మాకు, సైకిల్‌కి కాదు. మీ దుకాణంలో బొట్టు పెట్టండి.”

“అలాగేనమ్మా. ఎడమకేసేత్తాను. కుడి పక్క చైనుంటాది, శానామంది ఎడమకే అడుగుతారు.”

“అందరి సంగతి వద్దు. తనకి ఏ వైపో చూడండి.”

“పోనీ, ఎక్కువగా ఏ పక్కకి పడేది? అలవాటున్న పక్కకే పడతారు.”

“కుడి పక్కకి. కుడి మోచేతి మీద మూడు మచ్చలున్నాయి.”

“బాగా గుర్తేనా అమ్మా?”

“గుర్తే. ఆఖరి స్నానం నేనే చేయించాను.”