విమానం బొమ్మ బటన్

అది కాదమ్మా, ఈ ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వెయ్యమని నువ్వు చెప్పడం ఇది మూడోసారి. మూడుసార్లూ వేశాను. ఫలితం అదే. లెక్క మార్చకుండా ఎన్నిసార్లు చేసినా జవాబు మారుతుందా, చెప్పు?

కోప్పడటం లేదు తల్లీ. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉయ్యూరు హైస్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు. మామూలుగా మాట్లాడినా అదిలించినట్టే ఉంటుంది. నీ పేరేమన్నావు? దీవెనా? ఎంత చక్కగా పెట్టారో! నేను సంపూర్ణమ్మని.

చూడు దీవెనా, మీ కంపెనీ వాళ్ళు రాసుకోవాలంటారుగా, వరసగా చెబుతాను. గోడకున్న వైఫై డబ్బాకి మూడు లైట్లూ పచ్చగా వెలుగుతున్నాయి. అంటే తప్పు దానిది కాదు. పొద్దున మా మనవరాలు మనోజ్ఞ ఈ ల్యాప్‌టాప్‌లోనే మెయిళ్ళు చూసుకుని బెజవాడ ఆఫీసుకెళ్ళింది. అంటే పొద్దుటిదాకా ఇదీ బాగానే ఉంది. ఇప్పుడేమో వైఫై పేరు ఒక్కటీ చూపించదు.

మనోజ్ఞనా? డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను బయట పెట్టించేస్తారట. ఆరింటిదాకా దొరకదు. నా చేతిలోది పాతకాలం ఫోను, ఇందులో గొంతే గాని బొమ్మ రాదు.

మూడూ నలభై రెండయింది.

నాలుగింటికమ్మా. నాలుగింటికి మా చెల్లెలు నాగవల్లి ఇందులో కనిపిస్తుంది. హైదరాబాదు ఆస్పత్రిలో, ఐసీయూలో ఉంది. లోపలికి మనిషినీ పోనివ్వరు, ఫోన్నీ పోనివ్వరు. రోజూ నాలుగింటికి పది నిమిషాలు నర్సమ్మే వీడియోలో చూపిస్తుంది. రేపు పొద్దున్నే గొంతులోకి గొట్టం వేస్తారట. ఇక మాటుండదు. మళ్ళీ ఎప్పటికో, అసలు ఉంటుందో లేదో. "పెద్దమ్మా, అమ్మ నీతోనే మాట్లాడతానంటోంది. రేపటి పది నిమిషాలూ నీకే" అని దాని కొడుకు జయంత్ నిన్న ఫోన్ చేశాడు. తన వంతు వదులుకున్నాడు పిల్లాడు.

ఆఁ? ఏ బటనన్నా నొక్కానా? లేదే. నేనేం నొక్కలేదు.

నీళ్ళా? నీళ్ళేం పడలేదు... ఉండు. నిన్న మూలా నక్షత్రం కదా. మీ ఇంట్లో ఉండదేమో, చెబుతా విను. ఆ రోజు పుస్తకాలకి పూజ చేస్తాం. మనోజ్ఞకి అన్నం పెడుతున్నది ఇదే కదా అని దీన్నీ పీట మీద పెట్టాను. మూత మీద ఒక గంధం బొట్టు పెడితే సరిపోయేది. నేనేమో తెరిచి, పై వరస బటన్లకి తలా ఒకటి పెట్టాను. గంధం పల్చగా కలిపినట్టున్నాను, సందుల్లోకి దిగి ఎండిపోయింది.

నవ్వుకో, ఫరవాలేదు. మనోజ్ఞా నవ్వింది.

తుడిచాను. గోరుతో గీకాను కూడా. కదలట్లేదు.

మూడూ యాభై ఐదు. అయ్యో.

ఎందుకింత కంగారంటావా? మేమిద్దరం మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. చల్లపల్లిలో అమ్మ పెద్దకర్మ రోజు, బంధువులందరి ముందూ, "మందులు వేళకి వేసుంటే అమ్మ ఇంకా ఉండేది" అన్నాను దాన్ని. తప్పు లెక్క చేసిన పిల్లని బోర్డు దగ్గర నిలబెట్టినట్టు. రెండేళ్ళు అమ్మ ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది అది. నేను ఆదివారాలు వెళ్ళి మందుల చీటీ చూసొచ్చేదాన్ని. పల్లెత్తు మాట అనకుండా నా మొహంలోకి చూసింది. విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

నాలుగు కొట్టింది దీవెనా. ఈపాటికి నర్సమ్మ దాని మొహం ముందు పెట్టి ఉంటుంది. ఖాళీ తెర.

ఏమిటీ? కింద కుడి మూలన ఏం కనిపిస్తోందో చెప్పాలా? రోజూ ఉండే విసనకర్ర లాంటి గుర్తు లేదు. దాని చోట... విమానం బొమ్మ ఉంది.

ఊఁ. నీకర్థమైపోయిందిగా.

ఇందాక అబద్ధం చెప్పానమ్మా. నొక్కాను. మూడున్నరకి నేనే నొక్కాను. "అమ్మమ్మా, ఎవరూ పలకరించకూడదనుకుంటే ఈ విమానం నొక్కు, చాలు" అని మనోజ్ఞ ఎప్పుడో చెప్పింది. భయమేసింది. అది తిడుతుందని కాదు. ఏమీ అనకుండా ఆ రోజు చూసినట్టే చూస్తుందేమోనని. ఐదు నిమిషాలు ధైర్యం కూడదీసుకుని మళ్ళీ నొక్కుదామనుకున్నా. గంధం పట్టేసి అది దిగింది దిగినట్టే ఉండిపోయింది. తప్పు చేస్తే ముందే చెప్పెయ్యండర్రా అని ఎంతమంది పిల్లలకి చెప్పానో! నువ్వడిగినప్పుడే చెప్పి ఉంటే...

బటన్ అక్కర్లేదా? మౌసుతోనే అవుతుందా? ఆ బొమ్మ మీదేనా... ఉండు తల్లీ, బాణం గుర్తు నిలవట్లేదు. పక్కకి పోతోంది. మళ్ళీ... ఆఁ, తెరుచుకుంది. ఇప్పుడు? ఆ విమానం ఉన్న గడి మీదా?

వచ్చింది! దీవెనా, విసనకర్ర వచ్చిందమ్మా! జయంత్ పంపిన లింకు నొక్కుతున్నాను. తిరుగుతోంది... తిరుగుతోంది...

"సమావేశం ముగిసింది" అంటోంది.

నాలుగూ పన్నెండు.

ఆఁ... ఉన్నానమ్మా. వింటున్నాను. పెట్టేసే ముందు ఆ ప్రశ్న అడిగి తీరాలా? నీ ఉద్యోగం నీది, అడుగు మరి.

సమస్య తీరిందా అనా?

తీరిందనే రాసుకో తల్లీ. ల్యాప్‌టాప్ బాగానే ఉంది.