ఇల్లు రాయని పేరు

బాగేపల్లిలో ఆ తండ్రీకూతుళ్ళు పొద్దున్నుంచీ లాప్‌టాప్ ముందే కూర్చున్నారు. అర్చక కుటుంబాల సంఘానికి, ఏ ఇంట్లో ఎవరెవరున్నారో చూపించే వెబ్‌సైట్‌ను లారవెల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టింది ఆమే. ఈరోజు అది తెరుచుకోవడం లేదు.

“యాడ నిలిచిపోతాండాదమ్మా?”

“నా పేరు కాడ నాయనా. ఒక టేబుల్లో మనుషులు, ఇంకో టేబుల్లో ఇండ్లు. ప్రతి మనిషికీ ఒక ఇంటి నంబరు ఉండాల. నాకు లేదు.”

“చింతామణిలో మీ అత్తగారోళ్ళ ఇల్లు ఉండె కదా?”

“నిన్న వాళ్ళే లాగిన్ అయి నన్ను తీసేసినారు.”

“విడాకులు ఇంకా కానే లేదే! అంత తొందరేమి వాళ్ళకి?”

“మన ఇంటి నంబరు వేసేదా నాయనా?”

ఆయన కళ్ళద్దాలు తీసి పంచెకొంగుతో తుడవసాగాడు. అవి శుభ్రంగానే ఉన్నాయని ఆమెకు తెలుసు.

“పెండ్లయిన బిడ్డను పుట్టింట్లో చూపించకూడదని సంఘంలో పట్టుబట్టిందే నేను. ఇప్పుడు నేనే ఆ మాట ఎట్ల దాటేదమ్మా?”

“ఇల్లు లేని మనిషి ఉండదని కోడు రాసింది నేనే కదా. పోనీలే.”

“ఆదివారం చిక్కబళ్ళాపురలో సంఘం సభ. ఈ సైటు అందరూ చూస్తారు. వేరే దోవ లేదా?”

“ఉండాది. ఇల్లు ఉండేవాళ్ళనే చూపించమని ఒక్క లైను రాస్తే చాలు.”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తెర వైపు జరిగాడు. ఆమె ఆ లైను రాసింది. పేజీ చప్పున తెరుచుకుంది.

“వచ్చె, వచ్చె! ఇదో మీ అమ్మ, మీ అన్న, వాని బిడ్డ... అందరూ ఉండారమ్మా. ఇంగ దేన్నీ ముట్టొద్దు.”