ఉమ్మడి సందు

సందు నడుమ మురుగుకాలవ. దాని అటు గట్టు ఒక మున్సిపాలిటీ, ఇటు గట్టు ఇంకొకటి. అటు ఇంట్లో ఆడపడుచు, ఇటు ఇంట్లో మరదలు. ఆ మధ్యాహ్నం మరదలు కాలవ దాటి, వదినగారి వంటింట్లో కాలు పెట్టకముందే నోరు మొదలుపెట్టింది.

“...అయితే నిజమేనన్నమాట! చెత్త విషయంలో రెండు మున్సిపాలిటీలూ ఒక్కటయ్యాయటగా వదినా!”

“ఎవరు చెప్పారు?”

“పాలావిడ. కౌన్సిలరు భార్యవి, నువ్వుండగా నాకు పాలావిడ చెప్పాలా? మీ తమ్ముడి నడుముకి మందు రాస్తూ రాస్తూ వదిలేసి పరిగెత్తుకొచ్చా. నిన్న సాయంత్రం నుంచీ నడుం పట్టేసిందని ఒకటే మూలుగు. ఆఫీసు కుర్చీ పాడుగాను!”

“పాపం. ఆ తాడు ఇలా అందివ్వు.”

“ఏంటీ, సామానంతా కింద పరిచావు?”

“దులుపుతున్నా.”

“గిన్నెల్ని అట్టపెట్టెల్లో పెట్టి దులుపుతారా?”

“బొద్దింకలు చేరాయి. అటక ఖాళీ చేసి మందు కొట్టిద్దామని... ఊఁ, చెప్పు.”

“చెప్పడానికేముంది, అంతా నా మహిమే! ఏళ్ళ తరబడి రెండాఫీసుల చుట్టూ తిరిగానా? ఇక్కడికెళ్తే ‘మీ సందు వాళ్ళదమ్మా’ అంటారు, అక్కడికెళ్తే ‘మాది కాదమ్మా, వాళ్ళదే’ అంటారు. రెండు చెత్తబండ్లూ సందు మొదట్లో ఈల ఊది పారిపోవడమే. పుట్టింటివాళ్ళూ రానివ్వక, అత్తింటివాళ్ళూ రానివ్వకపోతే చెత్త మాత్రం ఏం చేస్తుంది, కాలవలో పడక!”

“నువ్వు తక్కువదానివా? చీకటిపడితే నీ సంచీ మా గట్టున ఉండేది.”

“తెల్లారేసరికి అదే సంచీ, పక్కన నీది కూడా తోడు తెచ్చుకుని మా గట్టుకి వచ్చేది కాదూ! సర్లే, అయిపోయినవెందుకు? మా పాప దగ్గు చూడలేకే కదా, ఇద్దరు చైర్మన్లనీ మా ముందుగదిలో కూర్చోబెట్టింది! ముందు ఎవరికి టీ ఇస్తే రెండోవాడు లేచిపోతాడోనని, రెండు చేతుల్తో రెండు కప్పులూ ఒక్కసారే అందించా. చెయ్యి కాలింది కూడా.”

“కాలదూ మరి.”

“కాలితే కాలింది. కాలవ బాగుపడుతుంది, పాప ఆ పీల్చే మందు లేకుండా నిద్రపోతుంది. ఇంతకీ ఉమ్మడి యార్డు ఎక్కడట?”

“ఏ యార్డు?”

“అదే, రెండూళ్ళ చెత్తా ఒకచోట పోసి, తడీ పొడీ ఏరి, పెద్ద లారీలకెత్తేది.”

“ఎక్కడో పెడతారు. ఆ పాత పేపర్లు ఇలా ఇవ్వు, గాజు సామాను చుట్టాలి.”

“బొద్దింకల మందుకి గాజు సామాను చుట్టడమెందుకు?”

“పగులుతాయని.”

“అటకమీద ఉన్నవి అటకమీదే పగులుతాయా? వదినా, యార్డు ఎక్కడ?”

“ఒకళ్ళ గడ్డమీద పెడితే రెండోవాళ్ళు ఒప్పుకోరటే. సగం ఇటు, సగం అటు ఉండాలట.”

“అలాంటి చోటెక్కడుంది, ఈ సందు తప్ప?”

“ఆ అట్టపెట్టె ఇలా జరుపు.”

“వదినా!”

“అరవకు. ‘మీరిద్దరూ కలిసి మా సందు సంగతి చూడండి’ అని అర్జీ పెట్టింది నువ్వేగా. చూశారు.”

“సందులో జాగా ఏదీ? రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకడు దిగాలి!”

“మా ఇల్లూ పెరడూ ఇచ్చేశాం. పడగొడతారు. కాలవ మీద పలకలు పరిచి, మీ మెట్లదాకా కలుపుకుంటారట.”

“నా గుమ్మానికెదురుగానా? రెండూళ్ళ చెత్తా? పాప నీ మేనకోడలు వదినా! దాని దగ్గు ఈ వంటింట్లోకి వినబడదూ?”

“రోజూ మందు చల్లుతారట. వాసనే ఉండదట.”

“ఉండకపోతే నువ్వెందుకు పోతున్నావు?”

“నన్నడిగి చేశారా మీ అన్నయ్యగారు? ఈసారి చైర్మన్ కుర్చీ తనదేనన్నారట, ఆయన తలూపారు. నా చేతుల్లో ఏముంది?”

“గాజు సామానుంది! ఉండు, మీ తమ్ముణ్ణి మంచం దిగనీ. సొంత అక్కని కూడా చూడడు. మీ అందరి సంగతీ తేలుస్తాడు!”

“వాణ్ణేం అనకే. నిన్న నువ్వు పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళగానే, మా బీరువా మేడమీంచి దింపి బండెక్కించింది వాడే. నడుం పట్టేయదూ మరి!”